4కె టీవీలో బంతి ఎందుకు గెంతుతుంది? అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఇంటింటికీ తిరిగి టీవీలు గోడకు బిగించడం, రౌటర్లు, స్ట్రీమింగ్ పెట్టెలు సరిచేయడం నా పని. మామూలు రోజుల్లో నన్నెవరూ తలచుకోరు. భారత్ మ్యాచ్ ఉందంటే మాత్రం టాస్ పడకముందే ఫోన్లు మొదలవుతాయి. "కొత్త టీవీ అండీ, 4కె అన్నారు, బొమ్మ అలుక్కుపోయినట్టుంది" అన్నది వాటిలో సగం. తప్పు చాలాసార్లు టీవీది కాదు, ఇంటికి వచ్చే నెట్‌ది కూడా కాదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న పదీ ఇరవై అడుగులది.

అపోహ: 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే బొమ్మ ఆగదు

4కె మ్యాచ్‌కు కావలసింది సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్లు, అంటే 15 నుంచి 25 ఎంబీపీఎస్. 100 ఎంబీపీఎస్ ప్లానే ధారాళం. ఆ వేగం టీవీ దాకా చేరుతోందా అన్నదే అసలు చిక్కు.

సీతమ్మధారలో ఒక పెద్దాయన నెలనెలా కట్టిన బిల్లులన్నీ నా ముందు పరిచి నెట్ వాళ్లను తిట్టడం మొదలుపెట్టారు. రౌటర్ ఎక్కడుందని అడిగితే వెంటనే ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి పక్కగదిలో, షోకేసు వెనక దొరికింది. పైకి కనిపిస్తే బాగుండదని అక్కడ పెట్టారట. దాని ముందు అరలనిండా స్టీలు గిన్నెలు, రెండు ఇత్తడి బిందెలు. రౌటర్ పక్కన నిలబడి ఫోనులో చూస్తే 280 వచ్చింది, టీవీ దగ్గర 11. గోడ అంచు వెంబడి నెట్‌వర్క్ వైరు లాగి టీవీకి గుచ్చాను, సమస్య తీరింది. చాలా టీవీల్లో ఆ వైరు పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది. అది చూసి బెంగపడేవాళ్లున్నారు గానీ, మ్యాచ్‌కు కావలసినదానికి అది నాలుగు రెట్లు. వైరు కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. అది గోడలు దాటడంలో బలహీనం కాబట్టి రౌటర్ అదే గదిలో ఉండాలి.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వైపు ఇళ్లలో ఇంకో శత్రువు ఉంది: ఉప్పు గాలి. బాల్కనీ మీదుగా వచ్చిన వైరు కొనను ఊడదీస్తే రాగి మీద పచ్చగా చిలుము కనిపిస్తుంది. కొన కత్తిరించి కొత్త కనెక్టర్ వేస్తే సరిపోతుంది. దానికి రౌటర్ మార్పించుకున్నవాళ్లు కూడా నాకు తెలుసు.

అపోహ: టీవీ 4కె అయితే వచ్చేదంతా 4కె

4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. మొత్తం దాదాపు 83 లక్షలు. ఫుల్ హెచ్‌డీలో 21 లక్షలకు కొంచెం తక్కువ. వచ్చేది హెచ్‌డీ అయితే మిగిలిన చుక్కలను టీవీయే ఊహించి నింపుతుంది. 2023 ఐపీఎల్‌ను జియో సినిమా 4కెలో ఇచ్చింది. అంతమాత్రాన ప్రతి టోర్నమెంటూ, ప్రతి ప్యాకేజీలోనూ అలా వస్తుందనుకోకూడదు. చవక ఆండ్రాయిడ్ పెట్టెలతో మరో బాధ. అట్ట మీద 4కె అని ఎంత పెద్ద అక్షరాలున్నా, వీడియోను ఎవరూ కాపీ కొట్టకుండా కాపాడే వైడ్‌వైన్ ఎల్1 అనే రక్షణ స్థాయి లేకపోతే చాలా యాప్‌లు దానికి నాసిరకం బొమ్మే పంపుతాయి.

అపోహ: బంతి గెంతుతోందంటే నెట్ నెమ్మదించిందని అర్థం

నన్ను ఎక్కువగా విసిగించేది ఇదే. నెట్ చాలకపోతే జరిగేవి రెండు. తెర మధ్యలో చక్రం గిర్రున తిరుగుతుంది, లేదా బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి మైదానంలో గడ్డి పచ్చరంగు పూసిన గోడలా మారుతుంది. గడ్డి పోచలు స్పష్టంగా కనిపిస్తూనే బంతి గెంతుతుంటే ఆ జబ్బు వేరు.

మన దేశంలో క్రికెట్ ప్రసారం సెకనుకు 50 చిత్రాల లెక్కన నడుస్తుంది. స్ట్రీమింగ్‌లో అయితే 50, లేదా అందులో సగం. టీవీకి తగిలించే స్టిక్కులు, పెట్టెలు చాలావరకు 60 లెక్కకు అమర్చి వస్తాయి. 50 చిత్రాలను 60 గడుల్లో సర్దాలంటే ప్రతి అయిదో చిత్రాన్ని రెండుసార్లు చూపించాలి, అంటే సెకనుకు పది తడబాట్లు. వ్యాఖ్యాతలు కూర్చుని మాట్లాడుతున్నప్పుడు ఇది కంటికి ఆనదు. కవర్స్ మీదుగా కొట్టిన బంతి వెంట కెమెరా పరుగెత్తినప్పుడు చూడండి: బౌండరీ ప్రకటన బోర్డుల మీద అక్షరాలు వణుకుతాయి, బంతి ముక్కలు ముక్కలుగా కదులుతుంది. పెట్టె సెట్టింగుల్లో డిస్‌ప్లే విభాగానికి వెళ్లి, వచ్చే ప్రసారం ఫ్రేమ్ రేటునే, అంటే సెకనుకు ఎన్ని చిత్రాలన్న లెక్కనే, అనుసరించమని చెప్పాలి. యాప్ దాన్ని లెక్కచేయకపోతే చేత్తో 50 హెర్ట్జ్ పెట్టాలి. గాజువాకలో ఒక ఇంట్లో ఈ ఒక్క మార్పు చేశాక ఆ ఇంటి అబ్బాయి "టీవీ మార్చేశారా?" అని అడిగాడు.

టీవీలోని మోషన్ స్మూతింగ్‌ను పూర్తిగా పెంచి పెట్టుకున్నా ఇబ్బందే. లేని చిత్రాలను అది కల్పించి మధ్యలో ఇరికిస్తుంది. అప్పుడు బంతికి తోక మొలుస్తుంది, ఒక్కోసారి బ్యాటు దగ్గర మాయమే అవుతుంది.

అపోహ: 4కెలో ఎడ్జ్ తగిలిందో లేదో మనమే చెప్పేయవచ్చు

గంటకు 145 కిలోమీటర్ల బంతి సెకనుకు 40 మీటర్లు పోతుంది. సెకనుకు 50 చిత్రాలంటే ఒక చిత్రానికీ మరో చిత్రానికీ మధ్య అది దాటే దూరం 80 సెంటీమీటర్లు. బ్యాటు వెడల్పు నిబంధనల ప్రకారం 10.8 సెంటీమీటర్లు మించకూడదు. తగిలిన క్షణం దాదాపు ఎప్పుడూ రెండు చిత్రాల మధ్య జారిపోతుంది. చుక్కలు నాలుగింతలు చేసినా జారిపోయిన క్షణం తిరిగి రాదు. మూడో అంపైర్ కూడా కంటినే నమ్ముకోడు, అల్ట్రాఎడ్జ్‌లో స్టంప్ మైకు శబ్దం గీతను చూస్తాడు.

చిన్నాచితకా మాటలు రెండు. మూడు వేల రూపాయల హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మకు మెరుగు పెట్టదు. 18 గిగాబిట్లకు పనికొచ్చే మామూలు కేబుల్ చాలు. ఇక 55 అంగుళాల టీవీకి పన్నెండు అడుగుల దూరంలో సోఫా వేసుకుని "తేడా తెలియడం లేదు, మోసం" అంటారు. ఆ సైజులో ఏడు అడుగులు దాటితే మామూలు చూపుకు ఫుల్ హెచ్‌డీ చుక్కలే విడిగా కనిపించవు. అరకొర వేగంతో వచ్చే 4కె కంటే నిండుగా వచ్చే హెచ్‌డీలోనే మా ఇంట్లో మ్యాచ్ చూస్తాం.

అపోహ: ప్లాన్ పెంచితే ఆలస్యం తగ్గుతుంది

తగ్గదు. మైదానం నుంచి వచ్చిన బొమ్మను కుదించి, కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. ఆగకుండా ఆడటానికి యాప్ కొన్ని ముక్కలను ముందే పోగుచేసుకుంటుంది. ఇవన్నీ కలిసి అర నిమిషం ఆలస్యం మామూలే. డిష్ ఉన్న పై వాటా వాళ్లు ముందు అరవడం అందుకే.

పీఎం పాలెంలో స్టేడియానికి కిలోమీటరు దూరంలో నాకు తెలిసిన ఇల్లు ఒకటుంది. శబ్దం అంత దూరాన్ని మూడు సెకన్లలో దాటుతుంది. 2025 అక్టోబరు 12న మహిళల ప్రపంచకప్‌లో భారత్, ఆస్ట్రేలియా ఆడిన రోజు అక్కడే ఉన్నాను. కిటికీలోంచి హోరు వచ్చేసింది, టీవీలో బౌలర్ ఇంకా వెనక్కి నడుస్తోంది. ఆలస్యం తగ్గించమని వాళ్లు నన్ను చాలాసార్లు అడిగి ఊరుకున్నారు. ఇప్పుడు హోరు వినగానే పిల్లలు ఫోరా, సిక్సా అని పకోడీలు పందెం కాస్తారు. మన జట్టు బ్యాటింగ్ చేస్తుండగా కిటికీ ఒక్కసారిగా నిశ్శబ్దమైతే మాత్రం ఎవరూ పందెం కాయరు.