మంచం పక్కన నీలిమందు తొట్టి

"మా అత్తగారి యూరిన్ బ్యాగు ఊదారంగుకు తిరిగింది. ఎవరో ఏదో చేయించారని పక్కింటివాళ్లు అంటున్నారు" అని ఒక పాఠకురాలు రాశారు. చేతబడి కాదమ్మా. ఒకప్పుడు కడప, నెల్లూరు జిల్లాల్లో తొట్లలో చేసిన నీలిమందు పనే ఆ బ్యాగులో జరిగింది!

నీలి ఆకులో నీలం ఉండదు. ఇండికన్ అనే రంగులేని పదార్థం ఉంటుంది, అంటే చక్కెర తోక తగిలించిన ఇండాక్సిల్. ఆకును నానేస్తే తోక తెగుతుంది. నీళ్లను తెడ్లతో బాదితే గాలి తగిలి, ఇండాక్సిల్ అణువులు జతకట్టి ఇండిగో, అంటే నీలిమందు, అవుతాయి. పచ్చటి నీళ్లు చూస్తుండగానే నీలమవుతాయి.

ఇప్పుడు అత్తగారు. ఆవిడ తిన్న పప్పులో, పెరుగులో ట్రిప్టోఫాన్ అనే ప్రోటీన్ ముక్క ఉంది. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని ఇండోల్‌గా మారుస్తాయి. మలబద్ధకం ఉంటే వాటికి బోలెడు తీరిక. కాలేయం ఇండోల్‌ను ఇండాక్సిల్ చేసి, చక్కెరకు బదులు సల్ఫేటు తోక తగిలిస్తుంది. అది మూత్రంలోకి పోతుంది. మీ మూత్రంలోనూ, నా మూత్రంలోనూ ఉంటుంది, రంగు ఉండదు. మూత్రాశయం నుంచి బ్యాగులోకి మూత్రం తెచ్చే పైపులో (క్యాథెటర్) కాపురం పెట్టిన ప్రొవిడెన్సియా, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా ఆ తోకను కత్తిరిస్తాయి. మిగిలిన పని ఆక్సిజన్‌ది. నీలి ఇండిగోతో పాటు ఎర్రటి ఇండిరుబిన్ కూడా పుడుతుంది. రెండూ ప్లాస్టిక్‌కు పట్టుకుంటే ఊదా! వైద్యులు దీన్ని 1978లో మొదట నమోదు చేశారు.

రంగు చూసి కంగారుగా యాంటీబయాటిక్ వేయకూడదు. పైపు ఉన్నవారిలో రోజుకు సుమారు 3 నుంచి 7 శాతం మంది మూత్రంలో కొత్తగా బ్యాక్టీరియా చేరతాయి. నెల తిరిగేసరికి దాదాపు అందరికీ ఉంటాయి. పైపు లోపలి గోడకు పాచిలా పట్టిన పొరలోకి మందు సరిగా చొరబడదు. రిపోర్టులో బ్యాక్టీరియా కనిపించినప్పుడల్లా మందు మింగిస్తే మొండివే మిగులుతాయి. జ్వరం, వణుకు, నడుంపక్క నొప్పి, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం ఉంటే అది వేరే సంగతి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పైపు పెట్టి రెండు వారాలు దాటితే మామూలుగా ముందు దాన్ని మార్చి, కొత్త పైపు నుంచే శాంపిల్ తీస్తారు. బ్యాగులోంచి పట్టిన శాంపిల్ పనికిరాదు.

బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కింద వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. ఊరికే పైపు, బ్యాగు విడదీయకూడదు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్‌ని "ఈ పైపు ఇంకా అవసరమా?" అని మొహమాటం లేకుండా అడగండి. దీన్ని మించిన నివారణ లేదు.

అత్తగారికి జ్వరం లేదట. విరేచనమై మాత్రం నాలుగు రోజులైందట.