డాక్టర్ జాన్ ‘గ్రీ-గ్రీ’ ఆల్బం: అపోహలు - వాస్తవాలు

రికార్డింగ్, మిక్సింగ్ నా పని. సౌండ్‌లో లోతు అంటే ఏమిటో కొత్తగా చేరిన పిల్లలకు చెప్పాల్సి వస్తే అమెరికా గాయకుడు డాక్టర్ జాన్ వూడూ ఆరాధన వాతావరణంతో చేసిన తొలి ఆల్బం ‘గ్రీ-గ్రీ’ (1968) వినిపిస్తుంటాను. రెండో పాటకు చేరేలోపే కింది మాటల్లో ఒకటైనా ఎవరో ఒకరు అనేస్తారు.

అపోహ: వూడూ అంటే చేతబడి. ఇవి క్షుద్రపూజల పాటలు.

వాస్తవం: బొమ్మలకు సూదులు గుచ్చే వూడూ చాలావరకు సినిమాలు నేర్పింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా లాక్కొచ్చిన జనం తమ దేవతలను కేథలిక్ సెయింట్లతో కలిపి కొలుచుకుంటే అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, న్యూ ఓర్లీన్స్ నగరపు వూడూ తయారైంది. ఆ ఆరాధనలో డోలు, పాట, ఆట విడివిడిగా ఉండవు. ఆ నగరంలోని కాంగో స్క్వేర్‌లో బానిసలు ఆదివారాలు గుమిగూడి డోళ్లు వాయించి ఆడేవారు. ఆల్బంలో ఒక పాట పేరులో కనిపించే ‘కలిండా’ ఆ కాలపు నాట్యమే. ఇక గ్రీ-గ్రీ మన తాయెత్తు లాంటిది. మూలికలూ అవీ చిన్న సంచిలో కట్టి ఒంటిమీద ఉంచుకుంటారు. డాక్టర్ జాన్ అన్న పేరు కూడా అరువు తెచ్చుకున్నదే. 19వ శతాబ్దంలో ఆ ఊళ్లో పేరుమోసిన వూడూ వైద్యుడొకడు ఉండేవాడు, సెనెగల్ నుంచి వచ్చినవాడని చెబుతారు.

అలాగని రికార్డులో ఉన్నది అసలు పూజ అనుకోకండి. పూజ వాతావరణంతో కట్టిన నాటకం అది. డాక్టర్ జాన్ అసలు పేరు మాక్ రెబెనాక్; ఒక తెల్లజాతి కుర్రాడు ఈ వేషం కట్టడమేమిటని అడగొచ్చు, అడగాలి కూడా. అయితే అతని చుట్టూ పాడినవాళ్లు, వాయించినవాళ్లలో ఎక్కువమంది ఆ నగరపు నల్లజాతి కళాకారులే. జెస్సీ హిల్, షర్లీ గుడ్‌మన్, టామీ లిన్, డ్రమ్మర్ జాన్ బూడ్రో, అందరికీ పెద్దదిక్కుగా ప్రొడ్యూసర్ హెరాల్డ్ బాటిస్ట్.

అపోహ: లూసియానా చిత్తడి అడవుల్లో రికార్డు చేశారు.

వాస్తవం: లాస్ ఏంజెలెస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో, 1967లో. అదీ సోనీ అండ్ షేర్ అనే గాయక జంట కోసం తీసుకున్న స్టూడియో టైమ్ మిగిలితే! బాటిస్ట్ వాళ్ల పాటలకు అరేంజర్ (ఏ వాద్యం ఎక్కడ మోగాలో కూర్చేవాడు) కాబట్టి ఆ వీలు దొరికింది. గోల్డ్ స్టార్ అంటే ఎకో చాంబర్లకు పెట్టింది పేరు, ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ తన భారీ సౌండ్ కట్టింది అక్కడే. చాంబర్ అంటే ఇప్పటి ప్లగిన్ (కంప్యూటర్ సాఫ్ట్‌వేర్) కాదు, నిజమైన గది. గొంతును స్పీకర్‌లో ఆ గదిలోకి వదిలి, గట్టి గోడలకు కొట్టుకుని వచ్చినదాన్ని మైక్‌తో పట్టుకుని మళ్లీ మిక్స్‌లో కలుపుతారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరి పాట వినండి. డాక్టర్ జాన్ గొణుగుడు చెవి పక్కనే ఉంటుంది, కోరస్ ఎక్కడో వెనక నుంచి వస్తుంది. మీకు అడవిలా తోచేది ఆ రెండింటి నడుమ ఉన్న దూరమే. మిక్సింగ్‌లో శబ్దం హెచ్చుతగ్గులు చేసే ఫేడర్ మీద చెయ్యి పెట్టినవాళ్లకు తెలుస్తుంది, ఆ దూరం నిలబెట్టడం ఎంత కష్టమో.

అపోహ: మత్తులో తోచింది తోచినట్టు వాయించేశారు.

వాస్తవం: రెబెనాక్‌కు హెరాయిన్ అలవాటు ఉండేది. డ్రగ్స్ కేసులో జైలుకెళ్లి 1965లో బయటికొచ్చాకే లాస్ ఏంజెలెస్ చేరాడు. ఇందులో దాపరికం లేదు. కానీ చివరి పాటనే తీసుకోండి. దాదాపు ఎనిమిది నిమిషాలు. లయ పెద్దగా మారదు, డ్రమ్స్, కాంగాలు (చేత్తో వాయించే పొడవాటి డోళ్లు) ఒకదాని చోటు ఒకటి తొక్కవు. తూలేవాళ్లతో అయ్యే పని కాదిది. అప్పటి సైకెడెలిక్ బ్యాండ్లు గిటార్‌ను చీల్చి చెండాడుతుంటే, ఇక్కడ మాండలిన్, క్లారినెట్, కాంగాలతో పని నడిపించారు. జాజ్ వాద్యగాడైన బాటిస్ట్ చెయ్యి అది.

అపోహ: తొలి ఆల్బం కదా, అనుభవం లేనివాడు.

వాస్తవం: టీనేజ్ నుంచే సెషన్లలో గిటార్ వాయించాడు, సొంత పేరుతో 1959లోనే సింగిల్ తెచ్చాడు. ఫ్లోరిడాలో ఒక ప్రోగ్రామ్ దగ్గర తోటి వాద్యగాడు రానీ బ్యారన్‌ను కొట్టబోతున్నవాడికి అడ్డుపడితే తుపాకీ పేలి ఎడమచేతి వేలు దెబ్బతింది. అలా ప్రధానంగా కీబోర్డుకు మారాడు. విచిత్రం ఏంటంటే, డాక్టర్ జాన్ పాత్రను ముందు అనుకున్నది ఆ బ్యారన్ కోసమే! అతనికి కుదరక రెబెనాకే వేషం కట్టాడు. బ్యారన్ ఈ ఆల్బంలో కోరస్ పాడాడు.

అపోహ: వస్తూనే హిట్ కొట్టింది.

వాస్తవం: లేదు. దీన్ని ఎలా అమ్మాలో రికార్డు కంపెనీ అట్లాంటిక్ అధినేత అహ్మెట్ ఎర్టెగన్‌కే అంతుబట్టలేదు, చార్టుల్లో చోటూ దక్కలేదు. జనం గుర్తుపెట్టుకున్న డాక్టర్ జాన్ పాట ‘రైట్ ప్లేస్ రాంగ్ టైమ్’ 1973 నాటిది. దానికి ప్రొడ్యూసర్ అలెన్ టూసాంట్, వాయించింది ద మీటర్స్ బ్యాండ్. ఆ ఊపు కోసం ఇటు వచ్చేవాళ్లు నిరాశపడకుండా ముందు ఈ ఆల్బంలోని ‘మామా రూ’ వినండి. ఉన్నవాటిలో హుషారైన ఫంక్ అదే.