కిల్లారి గోడలు, పాలమూరు మేస్త్రీలు

1993 సెప్టెంబర్ 30న తెల్లవారుజామున, ఇంకా నాలుగు గంటలు కాకముందే, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి చుట్టుపక్కల ఊళ్లు కుప్పకూలాయి. దాదాపు 10 వేల మంది చనిపోయారు. అప్పటి దేశ భూకంప పటంలో ఆ ప్రాంతం ఒకటో జోన్‌లో ఉండేది, అంటే అన్నిటికంటే భయం తక్కువని లెక్క.

అంతమందినీ చంపింది గోడలే. రెండు మూడడుగుల మందాన మట్టి అడుసుతో కట్టిన రాతిగోడలు, వాటి మీద బరువైన మట్టికప్పు. చూడ్డానికి ఎంతో గట్టిగా ఉండేవి. కానీ గోడలో బయటి వరస వేరు, లోపలి వరస వేరు, మధ్యలో నింపింది చిన్న రాళ్లూ మట్టీ. ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పోయే పొడుగు రాయి లేక రెండు వరసలూ ఎప్పుడూ కలవలేదు. నేల ఊగగానే బయటి వరస వీధిలోకి పడింది, లోపలిది నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. కొన్ని ఇళ్లలో కర్ర స్తంభాలూ దూలాలూ నిలబడే ఉన్నాయి, చుట్టూ గోడలు మాత్రమే రాలిపోయాయి.

మక్తల్, నారాయణపేట, దేవరకొండ వైపు పాత మిద్దెలు చూసినవాళ్లకు ఈ వర్ణన కొత్తగా ఉండదు. మనదీ ఆ దక్కను నేలే, ఆ కట్టుబడే.

దీనికి మందు 1993 నాటికే తెలుసు. 1931 భూకంపం తర్వాత బలూచిస్తాన్‌లో రైల్వే ఇంజనీరు ఎస్.ఎల్. కుమార్ ఇనుముతో బిగించి కట్టించిన క్వార్టర్లు, 1935 భూకంపానికి అక్కడి క్వెట్టా నగరం నేలమట్టమైనప్పుడు నిలిచాయి. 1960 తర్వాత రూర్కీ విశ్వవిద్యాలయంలో ఆనంద్ స్వరూప్ ఆర్య వంటి ఇంజనీర్లు చిన్న నమూనా ఇళ్లను కుదిపి పరీక్షించి, కిటికీల పైన ఇంటి చుట్టూ తెగకుండా తిరిగే పట్టీ ఉంటే గోడలు విడిపోవని చూపించారు. ఇంటికి మొలతాడు కట్టడం లాంటిదన్నమాట. మూలల్లో నిలువు సలాకలు, తలుపులూ కిటికీలూ మూలలకు దూరంగా, గోడలో పొడుగు రాళ్లు: ఇవన్నీ ప్రమాణాల పుస్తకాల్లోకి ఎక్కాయి. మేస్త్రి చేతికి మాత్రం రాలేదు.

కిల్లారి తర్వాతే అది మారడం మొదలైంది. బాగా దెబ్బతిన్న ఊళ్లను వేరే చోటికి మార్చి కట్టారు, మిగతా చోట్ల జనం తమ ఇళ్లను తామే బాగుచేసుకున్నారు. అప్పుడు స్థానిక మేస్త్రీలకు నేర్పక తప్పలేదు. 2001 జనవరి 26 భుజ్ భూకంపం తర్వాత గుజరాత్ ఇంకో అడుగు వేసింది. డబ్బు విడతలవారీగా ఇంటివాళ్లకే ఇచ్చి, పునాది, గోడల దశల్లో ఇంజనీరు వచ్చి చూశాకే తర్వాతి విడత వదిలింది. మేస్త్రికి నేర్పడం, ఇంటివాళ్లకు చెప్పడం, బిల్లుకు ముందు పని చూడటం, ఈ మూడూ కలిసినప్పుడే పనిలో తేడా కనపడింది.

మన వైపు ఆ అవసరం వచ్చిందని ఎవరూ అనుకోలేదు. 2002 నాటి భూకంప పటంలో తెలంగాణలో చాలా భాగం రెండో జోన్, అంటే ఆ పటంలో అన్నిటికంటే భయం తక్కువున్నది; భద్రాచలం వైపు మూడో జోన్. అయినా 2020 జనవరిలో పులిచింతల దగ్గర నేల వణికితే చింతలపాలెం, మేళ్లచెరువు జనం చలిలో ఇళ్ల బయట నిలబడ్డారు. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో వచ్చిన కుదుపు హైదరాబాద్ దాకా తెలిసింది. కిల్లారి అంత ముప్పు మనకూ తప్పదని నేననను. జోన్ నంబరు చూసి మేస్త్రికి నేర్పకుండా ఉండకూడదనే అంటాను.

పైగా ఈ జిల్లాల మేస్త్రి ఇక్కడే ఉండడు. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని ఊరు దాటిన పాలమూరు కూలీలు ఎన్నో రాష్ట్రాల్లో డ్యాములు, కాలువలు, మేడలు కట్టారు. వాళ్ల చేతిలో ఉన్న పనితనమే ఎక్కడికెళ్లినా గోడల్లోకి పోతుంది. 1998లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీ పని నేర్పుతోంది. కానీ తండాలో ఇల్లు కట్టే మనిషి తండ్రి దగ్గరో, పెద్దమేస్త్రి దగ్గరో నేర్చుకున్నవాడు. రోజు కూలి పోగొట్టుకుని క్లాసుకు రాడు. రమ్మంటే ఆ కూలి ఇవ్వాలి.

ఇప్పుడు మిద్దెల జాగాలో పిల్లర్ల ఇళ్లు లేస్తున్నాయి. సమస్య రూపు మార్చుకుంది, అంతే. పిల్లరు సలాకల చుట్టూ వేసే రింగు కొనను లోపలికి బాగా వంచాలి. లంబకోణంలో వంచి వదిలేస్తే, కుదుపుకు రింగు విచ్చుకుంటుంది, సలాకలు బయటికి ఉబ్బుతాయి. సరిగా వంచడానికి ఖర్చు పెద్దగా పెరగదు, వంచే చేతికి తెలియాలంతే. ఒకసారి కాంక్రీటు పోశాక ఎవరికీ కనపడదు.

2024 మార్చిలో మొదలైన కొత్త ఇందిరమ్మ ఇళ్లకు ఇంటికి 5 లక్షల రూపాయలు, అవి కూడా పని దశను బట్టి విడతలుగానే. ప్రతి దశలో ఫోటో తీసి యాప్‌లో పెడుతున్నారు. ఆ ఫోటో ఇల్లు ఎంతవరకు లేచిందో చూపిస్తుంది. కాంక్రీటు పోయకముందు, రింగు వంపు, మూల సలాక, కిటికీ పైన పట్టీ కనపడేలా ఇంకో ఫోటో అడగడానికి కొత్త పథకం అక్కర్లేదు.