మట్టి బరిలో నేర్చిన ఆట, మ్యాట్ మీద ఎంపిక

ఒంగోలులోనో నెల్లూరులోనో కబడ్డీ జట్టు ఎంపికలు జరిగేటప్పుడు పిల్లల పాదాలు చూడండి. కనిగిరి, ఉదయగిరి వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు చాలామంది అరువు బూట్లతో నడవడానికే తడబడుతుంటారు. ఊళ్లో వాళ్లు ఆడింది మట్టి మీద, వట్టి కాళ్లతో. మట్టిలో మడమ తిప్పితే పాదం కాస్త జారి ఒంటితో పాటు తిరుగుతుంది. ఎంపికలు జరిగే మెత్తటి పలకల మ్యాట్ మీద బూటు కరుచుకుని అక్కడే నిలబడిపోతుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. ఆ మెలికంతా మోకాలు భరించాలి. లోపలి లిగమెంటు తెగిందంటే నెలల తరబడి ఆట బంద్, ఒక్కోసారి ఆపరేషన్.

ఈ చిక్కు ఒక్కరోజులో పుట్టలేదు.

చెడుగుడు, అంటే కబడ్డీ, ఊపిరితో ఆడే ఆట. కూత పెడుతూ అవతలి బరిలోకి వెళ్లినవాడు ఊపిరి తెగకుండా తిరిగి నడిగీత తాకాలి. దొరికితే చచ్చినట్టు, అంటే అవుట్. తనవాళ్లు అవతలివాణ్ణి చంపితే మళ్లీ బతికి బరిలోకి వస్తాడు. పూర్వం దేశంలో దీన్ని మూడు తీర్లుగా ఆడేవారు. సంజీవనిలో చచ్చినవాడు బతుకుతాడు, గామినిలో బతకడు, అమర్‌లో అసలు బయటికే పోడు, పాయింటు మాత్రం పోతుంది. ఇప్పటి కబడ్డీ సంజీవని దారిలో వచ్చింది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మహారాష్ట్రలో నియమాలు కుదిరాయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ వేళ మహారాష్ట్రలోని అమరావతి వ్యాయామశాల జట్టు అక్కడ ప్రదర్శించింది. 1950లో అఖిల భారత సమాఖ్య, 1972లో అమెచ్యూర్ సమాఖ్య, 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల పట్టికలో చోటు. మహిళల కబడ్డీ ఆసియా క్రీడలకు చేరడానికి మరో 20 ఏళ్లు పట్టింది, 2010 గ్వాంగ్‌జౌ దాకా.

ఇది పైపై చరిత్ర. పల్లెల్లో ఈ ఆట నిలబడింది వేరే కారణాలకు. బంతి అక్కర్లేదు, బ్యాటు అక్కర్లేదు, గీత గీస్తే చాలు. పైగా ఒకరినొకరు ముట్టుకోకుండా ఆడలేని ఆట ఇది. రెండు వాడల పిల్లలు ఒక జట్టులో చేతులు పట్టుకుని గొలుసు కట్టాలంటే పెద్దవాళ్ల పట్టింపులు గీత బయటే ఆగాలి. అన్నిచోట్లా ఆగాయని కాదు. కానీ సంక్రాంతికీ తిరునాళ్లకూ జరిగే పోటీల్లో ఈ గుణమే దీనికి బలం.

2014 జులైలో ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. అంతర్జాతీయ పోటీల్లో మ్యాట్ అప్పటికే ఉంది, లీగ్ దాన్ని ఇంటింటి టీవీలోకి తెచ్చింది. కూతకు 30 సెకన్లు. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానికి పాయింటు తేవాల్సిందే. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలి పట్టుకుంటే అదనపు పాయింటు. ఊపిరి ఆట వేగం ఆట అయింది. ఆటగాళ్లకు డబ్బు వచ్చింది, అది మంచిదే. పల్లె బరి మాత్రం ఉన్నచోటే ఉంది.

పాలనలోనూ గొడవే. 2018లో ఢిల్లీ హైకోర్టు జాతీయ సమాఖ్యను అడ్మినిస్ట్రేటర్ చేతికి అప్పగించింది. ఆ ఏడాదే జకార్తా ఆసియా క్రీడల్లో మన పురుషులు సెమీస్‌లో, మహిళలు ఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడారు. 2023 హాంగ్‌జౌలో రెండు స్వర్ణాలూ తిరిగొచ్చాయి. 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. పైన సంఘాల పేచీ తేలకపోతే కింద పిల్లవాడి సర్టిఫికెట్ విలువ తేలదు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న ఇంటికి అది చిన్న సంగతి కాదు.

ఇక బరి సంగతి. పురుషుల కోర్టు పక్క లాబీలతో (రెండు అంచుల పట్టీలతో) కలిపి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలకు 12, 8. పురుషుల కోర్టులో నడిగీత నుంచి 3.75 మీటర్ల దగ్గర బాక్ గీత (కూతకు వెళ్లినవాడు దాటాల్సిన గీత), దాని వెనక మీటరుకు బోనస్ గీత (అదనపు పాయింటు తెచ్చే గీత). ఒంగోలు చుట్టూ ఉన్న నల్లరేగడి ఇందుకు పనికిరాదు. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే కాలికి ముద్దకడుతుంది. కొత్తపట్నం, జువ్వలదిన్నె తీరపు ఇసుకలో కాలు దిగబడి పిక్కలు పట్టేస్తాయి. మెట్ట ఊళ్ల ఎర్రమట్టి మేలు, కానీ గులకరాళ్లు ఏరాలి. చుట్టూ మీటరు వదిలి 15 మీటర్లకు 12 మీటర్ల చోటును 15 సెంటీమీటర్ల లోతు తవ్వి నింపాలంటే 27 ఘనపు మీటర్లు, అంటే సుమారు తొమ్మిది పది ట్రాక్టరు ట్రిప్పులు. మూడు పాళ్లు జల్లించిన ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు రంపపు పొట్టు. పొట్టుకు బదులు చేతికందే వరి ఊక కలపకండి. అది గరుకు, పడ్డప్పుడు చర్మాన్ని గీరేస్తుంది. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి, పొద్దున గుప్పెడు మట్టి పిసికి చూడాలి. ముద్ద నిలవాలి, బొటనవేలితో నొక్కితే విరగాలి. చేతికి అంటుకుంటే తడి ఎక్కువ, రాలిపోతే తక్కువ. గీతలు ముగ్గుపిండితోనే గీయాలి. సున్నం వద్దు, పడ్డవాడి కళ్లు మండిపోతాయి.

మ్యాట్ మీటరుకు మీటరు ముక్కలుగా వస్తుంది. కోర్టుకే 130 ముక్కలు, చుట్టూ మీటరు కలిపితే 180. ఎగుడుదిగుడు నేల మీద పరిస్తే అతుకులు లేస్తాయి, ఆ సందులో కాలివేలు ఇరుక్కుంటుంది. దుమ్ము పడితే జారుతుంది, కాబట్టి ఆటకు ముందూ విరామంలోనూ తడిగుడ్డతో తుడవాలి. ఎండలో వదిలేస్తే అంచులు వంకరపోతాయి. ఊరికో మ్యాట్ కొనడం అయ్యే పని కాదు. మండలానికొకటి ఒక హైస్కూలు హాల్లో పరిచి ఉంచి, ఊళ్లకు వారాలు పంచితే చాలా మార్పు వస్తుంది. ఈ చిన్న ఏర్పాటు కూడా చాలాచోట్ల జరగకపోవడం బాధాకరం.

బరువు కోసం కడుపు మాడ్చడం ఇంకో ముప్పు. సబ్ జూనియర్, జూనియర్ పోటీలకు బరువు పరిమితి ఉంటుంది. కిలో రెండు కిలోలు ఎక్కువ తూగే పిల్లలు ముందురోజు నీళ్లు మానేసి, స్వెట్టర్ వేసుకుని ఎండలో పరుగెత్తుతారు. తూకం గట్టెక్కుతుంది. బరిలోకి దిగాక పిక్కలు లాగేస్తాయి, కళ్లు తిరుగుతాయి. తగ్గాలంటే నెల ముందు నుంచే వారానికి అరకిలో చొప్పున తగ్గాలి, అదీ పెరిగే వయసు పిల్లలైతే డాక్టరును అడిగాకే.

మట్టి నుంచి మ్యాట్‌కు వెళ్లే పిల్లలకు కనీసం రెండు వారాలు కావాలి. మొదటి మూడు రోజులు బూట్లతో నడక, మెల్లగా పరుగు, ఒంటికాలి మీద నిలబడటం. తర్వాత మోకాలు కాస్త వంచి దూకి దిగడం, చిన్న అడుగులతో దిశ మార్చడం. రెండో వారంలోనే పట్లు. బూటు వదులుగా ఉండకూడదు, అరువు బూట్లయితే ఎంపిక నాటి పొద్దున కాదు, ఆ రెండు వారాలూ అవే తొడగాలి.