చర్మం మీది సూక్ష్మజీవులు: తెరపై లెక్క ఎలా ఉండాలి?

సార్వా ఊడ్పుల కాలంలో రోజంతా బురదనీటిలో నిలబడే కూలీలకు కాలి వేళ్ల సందులు నాని, తెల్లబడి, ఒరిసిపోవడం గోదావరి డెల్టాలో అందరూ ఎరిగినదే. ఉక్కపోత రోజుల్లో మెడ మీద, వీపు మీద శోభి మచ్చలు తేలడమూ అంతే. శోభికి కారణమైన మలాసేజియా అనే శిలీంధ్రం ఆరోగ్యవంతుల చర్మం మీద కూడా ఎప్పుడూ ఉండేదే. వేడి, తేమ, జిడ్డు కలిసివచ్చినప్పుడు అది పెచ్చుమీరుతుంది. కాబట్టి ఏ సూక్ష్మజీవి ఉందని అడిగితే చాలదు, ఎక్కడ ఎంత ఉంది, ఏ కాలంలో ఎలా మారింది అని కూడా అడగాలి. ఆ ప్రశ్నలు ఎవరికి వారు వేసుకొని, గణాంకాల్లో జవాబు వెతుక్కోవడానికి వీలిచ్చేదే ఇంటరాక్టివ్ డాష్‌బోర్డు, అంటే నొక్కిన దాన్ని బట్టి లెక్కలు మార్చి చూపే కంప్యూటర్ తెర.

అమెరికా శాస్త్రవేత్తలు పదిమంది ఆరోగ్యవంతుల శరీరంలో 20 చోట్ల నమూనాలు తీసి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, ఏ జాతులు స్థిరపడతాయన్నది చాలావరకు ఆ చోటు జిడ్డుదా, తడిదా, పొడిదా అన్నదాన్ని బట్టి ఉంటుందని తేలింది. ముఖం, వీపు వంటి జిడ్డు చోట్ల క్యూటిబాక్టీరియం, వేళ్ల సందుల వంటి తడి చోట్ల స్టెఫైలోకోకస్, కోరినిబాక్టీరియం అనే బాక్టీరియాలు ఎక్కువ. అందువల్ల తెర మీద ముందుగా ఉండవలసింది మనిషి ఆకారం. ఏ చోటు నొక్కితే ఆ చోటి లెక్క రావాలి. ఒళ్లంతటికీ కలిపి సగటు చూపే పటం నా దృష్టిలో ఎందుకూ కొరగాదు.

దూదిపుల్లతో చర్మాన్ని రుద్ది, అంటుకొన్న డీఎన్‌ఏను వేరుచేసి, బాక్టీరియాలకైతే వాటన్నిటిలో ఉంటూ రకాన్ని బట్టి కొద్దిగా మారే 16ఎస్ అనే జన్యువును చదువుతారు. చివరికి చేతికి వచ్చేది ఒక పెద్ద పట్టిక: అడ్డంగా నమూనాలు, నిలువుగా జాతులు, గడుల్లో చాలావరకు సున్నాలు. ఈ పట్టికను శాతాలుగా మార్చి రంగుల కడ్డీలుగా గీయడం వాడుక. చిక్కంతా అక్కడే ఉంది. ఒక వేళ్ల సందులో రెండు జాతులు వెయ్యేసి చొప్పున ఉన్నాయనుకుందాం. చెరి 50 శాతం. వారం పాటు నీళ్లలో నానాక మొదటిది అలాగే ఉండి, రెండోది తొమ్మిది వేలకు పెరిగితే, కడ్డీ మీద మొదటిది 10 శాతానికి పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అందులో ఒక్కటీ తగ్గలేదు. అందుకే మొత్తం సూక్ష్మజీవుల పరిమాణాన్ని క్యూపీసీఆర్‌తో (డీఎన్‌ఏ ఎంత ఉందో లెక్కగట్టే పరీక్షతో) విడిగా కొలిచి, శాతాల కడ్డీ పక్కనే ఆ కొలతనూ చూపాలి. కొలవకపోతే ఆ మాట కడ్డీ కిందే రాయాలి.

చర్మం మీద దొరికే డీఎన్‌ఏ చాలా కొద్ది గనుక, ప్రయోగశాల రసాయనాల్లోని బాక్టీరియా జాడలు కూడా లెక్కలోకి చొరబడతాయి. చర్మాన్ని తాకని ఖాళీ పుల్లల ఫలితాలను సైతం ఒక మీటతో తెరపైకి తెచ్చే ఏర్పాటు ఉంటే, ఏది మనిషిదో ఏది సీసాలోదో చూసేవారే పోల్చుకోగలుగుతారు.

ఇలాంటి తెర కట్టడానికి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో షైనీ, పైథాన్ భాషలో డ్యాష్ అనే ఉపకరణాలు ఉచితంగా దొరుకుతాయి. మన కాలేజీ విద్యార్థులకు అవి అందనివేమీ కావు. కొరత నమూనాలదే. 2022లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, ఏ దేశానివో తెలిసిన మానవ సూక్ష్మజీవుల నమూనాల్లో 71 శాతానికి పైగా యూరప్, అమెరికా, కెనడాలవే. వరిచేలో, రొయ్యల చెరువుల్లో పనిచేసేవారి పాదాల గురించి ఆ నమూనాలు చెప్పగలిగేది తక్కువ. ఇక్కడ సేకరణ మొదలుపెట్టేవారు వయసు, చోటుతో పాటు సార్వానా దాళ్వానా, నీళ్లలో ఎన్ని గంటలు నిలబడ్డారు, మందు ఏదైనా పూశారా అన్నవి కూడా నమోదు చేయాలి. అవి లేకపోతే డాష్‌బోర్డులో ఏ వడపోతా (ఫిల్టర్) పనిచేయదు. చిన్న ఊళ్లో వయసు, వృత్తి చెబితే మనిషెవరో తెలిసిపోతుంది కాబట్టి, తెరపై ఊరి పేరుకు బదులు మండలం వరకే చూపాలి.