మింట్ జులెప్‌కి ఏ బోర్బన్ కొనాలి? కొన్ని అపోహలు – వాస్తవాలు

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. మే మొదటి శనివారం కెంటకీ డెర్బీ. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్‌లో 1875 నుంచి నడుస్తున్న గుర్రప్పందెం అది, ఆ సాయంత్రం మా ఊళ్లో టీవీ ముందు చేరే ప్రతి గుంపు చేతిలోనూ జులెప్ ఉండాల్సిందే. జులెప్ అంటే బోర్బన్‌లో (మొక్కజొన్న ఎక్కువగా వేసి చేసే అమెరికా విస్కీ) చక్కెర పాకం, పుదీనా, పొడిచేసిన ఐస్ కలిపే డ్రింక్. పన్నెండేళ్లుగా ఇక్కడ అమెరికాలో బార్ కౌంటర్ వెనక పనిచేస్తున్నాను, సెలవు రోజుల్లో మనవాళ్ల ఇళ్లలో పార్టీలకీ వెళ్లి కలుపుతాను. అందరూ అడిగేది ఒక్కటే: "తమ్ముడూ, ఏ బాటిల్ తేవాలి?"

అపోహ: ఎంత ఖరీదైన బోర్బన్ అయితే జులెప్ అంత బాగుంటుంది.

ఒక అన్నగారు ఇలాగే బీరువాలోంచి పన్నెండేళ్ల బోర్బన్ తీసి నా చేతిలో పెట్టారు. "దీంతోనే కలుపు, మనం ఎక్కడా తగ్గకూడదు" అన్నారు. వద్దండీ అంటే వినలేదు. సరే అని దాంతో ఒక గ్లాసు, నా బ్యాగులో ఉన్న బాటిల్‌తో ఇంకో గ్లాసు కలిపి, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చాను. నా బాటిల్ ధర ఆయనదాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు. రెండూ రుచి చూసి, నా బాటిల్‌తో కలిపిన గ్లాసు పైకెత్తి, "చూశావా, మన సరుకంటే ఇదీ" అన్నారు.

ఆయన నాలుక తప్పేం కాదు. బోర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే పెట్టాలని చట్టం, ఏళ్లు గడిచేకొద్దీ ఆ చెక్కలోని వగరు విస్కీలోకి దిగుతూ ఉంటుంది. ఉత్తిగా తాగితే ఆ వగరు చుట్టూ తీపీ, పళ్ల వాసనా ఉంటాయి కాబట్టి బాగుంటుంది, కానీ పొడిచేసిన ఐస్ చల్లదనంలో తీపి నాలుకకి సరిగ్గా అందదు, సన్నని వాసనల్ని పుదీనా మింగేస్తుంది, చివరికి మిగిలేది చెక్క. నాలుగు నుంచి ఆరేళ్ల వయసుంటే జులెప్‌కి చాలు.

అపోహ: 40 శాతం ఆల్కహాల్ ఉన్నదైతే మెత్తగా ఉంటుంది, అతిథులకి అదే మంచిది.

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే, మొదట్లో నేనూ పడ్డాను. ఎవరో 40 శాతం బాటిళ్లు తెచ్చిపెడితే అలాగే కలిపాను, పావుగంటకల్లా అందరి చేతుల్లోనూ పుదీనా వాసనొచ్చే చక్కెర నీళ్లు. లెక్క వేసుకోండి: 60 మి.లీ. బోర్బన్, 15 మి.లీ. చక్కెర పాకం, కరిగిన ఐస్ ఇంకో 50 మి.లీ. అనుకుందాం. 40 శాతం బోర్బన్ అయితే గ్లాసులో సుమారు 19 శాతం మిగులుతుంది, 50 శాతంది అయితే 24. నోటికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

అందుకే నేను లేబుల్ మీద ముందు చూసేది ప్రూఫ్, అంటే ఆల్కహాల్ ఎంత ఉందో చెప్పే అంకె. ఇండియాలో 42.8 శాతం, 75 డిగ్రీల ప్రూఫ్ అని చూసి అలవాటైనవాళ్లు ఇక్కడ తికమకపడతారు, ఒకాయనైతే 100 ప్రూఫ్ అని చూసి వంద శాతం అనుకుని బాటిల్ మళ్లీ షెల్ఫ్‌లో పెట్టేసి వచ్చారు. అక్కడిది పాత బ్రిటిష్ కొలత. అమెరికాలో ప్రూఫ్‌ని సగం చేస్తే శాతం వస్తుంది, అంటే 100 ప్రూఫ్ 50 శాతమే. 'బాటిల్డ్ ఇన్ బాండ్' అని రాసి ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదు. 1897 నాటి చట్టం ప్రకారం అది ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసిందై ఉండాలి, కనీసం నాలుగేళ్లు పీపాలో ఉండాలి, సరిగ్గా 50 శాతంతో సీసాలోకి ఎక్కాలి. ఇవాన్ విలియమ్స్ తెల్ల లేబుల్, ఓల్డ్ గ్రాండ్‌డాడ్ బాండెడ్ ఈ కోవలోవే. ఆ ముద్ర లేకపోయినా వైల్డ్ టర్కీ 101 కూడా హాయిగా నిలబడుతుంది.

అపోహ: గోధుమ కలిసిన బోర్బనే జులెప్‌కి సరైనది.

బోర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. మిగతాదాంట్లో మాల్ట్ చేసిన బార్లీతో పాటు ఎక్కువమంది రై వేస్తారు, కొందరు గోధుమ వేస్తారు (రై అంటే ఆవాలు కాదండోయ్, గోధుమకి దాయాది లాంటి ధాన్యం). మేకర్స్ మార్క్ గోధుమది, మెత్తగా తియ్యగా ఉంటుంది, విస్కీ అలవాటు లేనివాళ్లకి బాగానే నచ్చుతుంది. నా ఓటు మాత్రం రైకే. పాకం ఎలాగూ తియ్యన, దాని మీద ఇంకో తీపి ఎందుకు? రై ఘాటు మిరియంలా తగిలితేనే పుదీనాకి జోడీ కుదురుతుంది.

అపోహ: కెంటకీది కాకపోతే బోర్బన్ కాదు, బోర్బన్ కాకపోతే జులెప్ కాదు.

రెండూ తప్పే. అమెరికాలో ఎక్కడ చేసినా బోర్బనే. జులెప్ అన్న మాటైతే పారసీక 'గులాబ్' నుంచి అరబ్బీ మీదుగా వచ్చింది, పన్నీరు (గులాబీ నీళ్లు) కలిపిన తియ్యటి షర్బత్ అన్నమాట, ఆ లెక్కన మన గులాబ్ జామూన్‌కి చుట్టం. 1862లో అమెరికాలో అచ్చయిన ఒక రెసిపీలో పోసింది కోన్యాక్ అనే ఫ్రాన్స్ బ్రాందీ.

అపోహ: పుదీనాని బాగా నూరాలి.

మనం చేసేది పచ్చడి కాదు. ఏడెనిమిది ఆకుల్ని పాకంలో గరిటె వెనకతో మెల్లగా నొక్కితే చాలు, నలిపితే చేదు దిగుతుంది. పైన పెట్టే కొమ్మని రెండు అరచేతుల మధ్య ఒక్కసారి చరిచి పెట్టండి, స్ట్రా పొట్టిగా కత్తిరించండి, తాగేటప్పుడు ముక్కు ఆకుల్లోకి వెళ్లాలి. ఇండియన్ స్టోర్‌లో దొరికే పుదీనా కట్ట భేషుగ్గా పనికొస్తుంది.

జులెప్‌కి సంప్రదాయంగా వాడే వెండి కప్పు లేదని కంగారు వద్దు. మనింట్లో పలుచటి స్టీలు గ్లాసులు ఉంటాయిగా! ఐస్‌ని గుడ్డ సంచిలో వేసి అప్పడాల కర్రతో మంచులా అయ్యేదాకా కొట్టండి, గ్లాసు బయట పొడిగా తుడిచి, ఐస్ నింపి, బోర్బన్ పోసి కలపండి. ముందు అడుగున మసకబారుతుంది, తర్వాత ఆ తెల్లటి పొర మెల్లగా అంచుదాకా పాకుతుంది. మధ్యలో పట్టుకుంటే వేళ్ల ముద్రలు పడి కరిగిపోతుంది కాబట్టి పై అంచు పట్టుకోండి.

ఇక, ఇది ఆడవాళ్లు తాగే లైట్ డ్రింక్ అనేవాళ్లకి: ఒక్కో గ్లాసులో పెద్ద పెగ్గు బోర్బన్ ఉంది, షర్బత్‌లా దిగిపోతుంది, తర్వాత తెలుస్తుంది. మనిషికి రెండు మించనివ్వను. ఇరవై మందికి తలా రెండంటే 750 మి.లీ. బాటిళ్లు నాలుగు, ఐస్ మాత్రం పది కిలోలకి తగ్గకుండా తెచ్చుకోండి.

అన్నగారి పన్నెండేళ్ల బాటిల్ సంగతంటారా? భోజనాలయ్యాక ఐస్ లేకుండా చిన్న గ్లాసులో పోసుకుని, అరగంట కూర్చుని తాగారు. నేను కారు నడుపుకుంటూ వెళ్లాలి కాబట్టి గ్లాసు తీసుకుని వాసన చూసి, వెనక్కి ఇచ్చేశాను.