“కొత్త హాలు కట్టారుగా మేడం, ఇంకేం కావాలి?”: మా గ్రంథాలయం మీద అపోహలు - వాస్తవాలు

నేను కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్నంలో శాఖా గ్రంథాలయం నడుపుతున్నాను. మాది చాలా ఏళ్లు ఒకటే గది. ముందు వరండా, వెనక రేకుల షెడ్డు. వానాకాలం వస్తే షెడ్డులో బీరువాల మీద టార్పాలిన్ కప్పి ఇంటికి వెళ్లేదాన్ని. రాత్రి ఉరుము వినిపిస్తే నిద్ర పట్టేది కాదు. రెండేళ్ల క్రితం ఆ షెడ్డు తీసేసి పెద్ద హాలు, పిల్లలకి ఒక గది, బాత్రూములు కట్టారు. రిబ్బన్ కత్తిరించిన రోజు నుంచి ఊళ్లో వాళ్లు నన్ను ఆపి అడిగే ప్రశ్నలు మారిపోయాయి. ఒక్కొక్కరికీ కూరగాయల బజారులో నిలబడి జవాబు చెప్పలేక ఇది రాస్తున్నాను.

అపోహ: అందరి చేతుల్లో ఫోన్లే. ఇప్పుడు లైబ్రరీకి ఎవరొస్తారు?

వాస్తవం: ఈ మాట అనేవాళ్లు ఒకసారి పొద్దున ఎనిమిదికి మా గేటు దగ్గరికి రండి. నేను తాళం తీయకముందే బయట సైకిళ్లు, బళ్లు ఉంటాయి. మెట్ల మీద బ్యాగులు వరసగా పెట్టి ఉంటాయి. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టడం ఆర్టీసీ బస్సులోనే అనుకునేదాన్ని. మా హాల్లో ఫ్యాన్ కింద కుర్చీకి కూడా అదే పద్ధతి వచ్చింది.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది కానిస్టేబుల్, గ్రూప్-2, డీఎస్సీ లాంటి పరీక్షలకి చదివేవాళ్లు. ఫోన్ లేనివాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. ఇంట్లో లేనిది బల్ల, కుర్చీ. రెండు గదుల ఇల్లు, ఒక గదిలో టీవీ, రెండో గదిలో మంచం పట్టిన నాయనమ్మ. ఒకమ్మాయి నాతో అన్నది: “ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చుంటే చదువుతున్నట్టు ఎవరికీ కనిపించదు మేడం. ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది.” ఆ పిల్లకి డిగ్రీ అయి మూడేళ్లు. ఆ మాట విన్నాక లైబ్రరీలో ఒక కుర్చీ అంటే ఏమిటో నాకు కొత్తగా అర్థమైంది.

ఫోన్లు మా దగ్గరికి తెచ్చిన అసలు తలనొప్పి వేరే ఉంది. ప్లాన్‌లో హాలు మొత్తానికి ప్లగ్ పాయింట్లు రెండే. కట్టేటప్పుడు అడిగితే మేస్త్రీ నవ్వాడు: “పుస్తకాలకి కరెంటెందుకమ్మా? ఫ్యాన్లు పెట్టాంగా.” ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ బాక్సులు, నేల మీద వైర్లు. ఎవరి కాలికి తగులుతాయోనని రోజంతా నాకు టెన్షన్. మీ ఊళ్లో లైబ్రరీ కట్టబోతుంటే పాలరాయి మానేసైనా సరే, ప్రతి బల్ల దగ్గరా ఒక ప్లగ్ పెట్టించండి.

అపోహ: సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవాళ్లు పాఠకులేంటి? లైబ్రరీని స్టడీ హాలు చేసేశారు.

వాస్తవం: ఇది మా పాత పాఠకుల ఫిర్యాదు. నిజం చెప్పొద్దూ, మొదటి ఆరు నెలలు నేనూ లోపల్లోపల అలాగే అనుకున్నాను. ఈ పిల్లల పేర్లు నా ఇష్యూ రిజిస్టరులో పడవు. పైవాళ్లు అడిగేది ఎన్ని పుస్తకాలు ఇచ్చారనే. హాలు కిటకిటలాడుతుంటే కాగితం మీద మాత్రం గ్రంథాలయం డల్‌గా కనిపించేది.

దానికి తోడు గొడవలు. పిల్లలకి ఫ్యాన్ అయిదు మీద తిరగాలి. పేపరు చదివే పెద్దవాళ్లకి రెండు దాటితే పేజీలు ఎగిరిపోతాయి. ఒకాయన లేచి ఫ్యాన్ తగ్గిస్తాడు, ఇంకో కుర్రాడు లేచి పెంచుతాడు. పేపరు మడత చప్పుడుకి పిల్లలు తల ఎత్తి చూస్తారు, ఆ చూపుకి పెద్దవాళ్లకి కోపం. “నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఈ కుర్చీలో కూర్చుంటున్నానురా” అని ఒక రిటైర్డ్ మాస్టారు గట్టిగా అరిచిన రోజు ఇద్దరికీ సర్ది చెప్పలేక నేను బయటికి వెళ్లి నిలబడ్డాను. లైబ్రరీ సైన్స్ కోర్సులో ఫ్యాన్ స్పీడు గురించి ఎవరూ పాఠం చెప్పలేదు.

చివరికి పేపర్లన్నీ వరండాలోకి మార్చాను. మంచి లైటు, చేతుల కుర్చీలు, పేపరు ఎగరకుండా కర్ర క్లిప్పులు. “మమ్మల్ని బయటికి గెంటావమ్మా” అని పెద్దవాళ్లు వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత వాళ్లకే తెలిసొచ్చింది, వరండాలో మాట్లాడుకోవచ్చు! ఇప్పుడు అక్కడ ఎన్నికల చర్చ జరిగితే వీధి మలుపు దాకా వినిపిస్తుంది. లోపలికి రమ్మని పిలిచినా రారు. పిల్లలు ఎడిటోరియల్ కోసం అక్కడికి వెళ్తే, పంచవర్ష ప్రణాళిక అంటే ఏమిటో మాస్టారే కూర్చోబెట్టి చెబుతున్నారు, కుర్చీ కోసం కొట్లాడిన ఆ కుర్రాడికి కూడా.

సొంత పుస్తకాలతో వచ్చేవాళ్లు లేచి నడుం విరుచుకునేటప్పుడు చేతికి అందే దూరంలో ఏ బీరువా ఉందో చూసుకోవడం నా పని. మొదట అక్కడ నిఘంటువులు ఉండేవి. తీసేసి కథల పుస్తకాలు పెట్టాను. కొన్ని ఇప్పుడు ఇష్యూ రిజిస్టరులోకి వస్తున్నాయి.

అపోహ: ర్యాకులు ఖాళీగా ఉన్నాయి కదా, మా ఇంట్లో పాత పుస్తకాలు పంపిస్తాం. నింపేయండి.

వాస్తవం: మీ మనసు మంచిదే. కానీ ప్రారంభోత్సవం అయిన నెలలో మాకు వచ్చిన విరాళాలు చూస్తే మీరే దిగులు పడతారు. సిలబస్ మారిపోయిన ఇంటర్ గైడ్లు, తేదీ దాటిన జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు, డైరీలు, ఒక అట్టపెట్టె నిండా పెళ్లి శుభలేఖలు. ఒకాయన ఆటోలో దింపించి, “మా నాన్నగారి పేరు మీద ఒక బీరువా పెట్టండి” అన్నారు. విప్పి చూస్తే సగం చెదలు. కొత్త హాల్లోకి చెదలు తెచ్చుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. నాలుగు రోజులు బయట ఎండలో పెట్టించి, పనికొచ్చేవి ఏరి, మిగతావి ఆయనకే వెనక్కి పంపాను. ఆయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

గ్రంథాలయ శాస్త్రంలో ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాలున్నాయి. మొదటిది, పుస్తకాలు వాడుకోవడానికే. అయిదోది, గ్రంథాలయం పెరిగే జీవి. పరీక్షకి చదివేటప్పుడు పెరగడమంటే ర్యాకులు పెరగడమని రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ చెట్టు ఆకులు రాలుస్తూనే పెరుగుతుంది. ఎవరూ ముట్టని పుస్తకం కూర్చున్న చోటు ఇంకో పుస్తకానికి దక్కదు. అలాగని అక్సెషన్ రిజిస్టరులో, అంటే లైబ్రరీకి చేరిన ప్రతి పుస్తకాన్నీ రాసే పుస్తకంలో, ఎక్కినదాన్ని తీసేయాలంటే నా ఇష్టం కాదు. జాబితా రాయాలి, అనుమతి రావాలి, కొట్టివేత నమోదు కావాలి. అందుకే చాలామంది లైబ్రేరియన్లు ఆ జోలికి పోరు. పుస్తకం కనపడకపోతే ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది మనమే మరి.

తెస్తే కళ్లకద్దుకుని తీసుకునేవి కూడా ఉన్నాయి. వారపత్రికల్లో వచ్చిన సీరియల్‌ని వారం వారం చించి, వరసగా కుట్టి, అట్ట వేయించి దాచుకున్న పుస్తకాలు మన ఇళ్లల్లో ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్ని ఎప్పుడూ పుస్తకంగా అచ్చవలేదు. వెనక పేజీల్లో అప్పటి సబ్బు ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు. అమ్మమ్మల అటకల మీద అలాంటివి ఉంటే చెత్తబండికి వేయకుండా ముందు నాకు ఒక మాట చెప్పండి. మీ ఊరి చరిత్ర, గుడి ఉత్సవాల కరపత్రాలు, పాత బడి సావనీర్లు కూడా.

అపోహ: లైబ్రరీ అంటే నిశ్శబ్దం. పిల్లల పాటలు, కథలు, మీటింగులు కొత్త వేషాలు.

వాస్తవం: అసలు కొత్తది నిశ్శబ్దం బోర్డే! మన దగ్గర గ్రంథాలయాలు మొదలైందే నలుగురు కూడే చోట్లుగా. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు అది పుస్తకాల బీరువా ఒక్కటే కాదు, నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లు ఒక కప్పు కింద చేరే జాగా. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలైంది. గ్రంథాలయ ఉద్యమం నడిపిన అయ్యంకి వెంకట రమణయ్య గారి లాంటి వాళ్లు ఊరూరా తిరిగింది జనాన్ని కూడగట్టడానికే. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు - పెదవడ్లపూడి కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. పడవ ప్రయాణికులు నోరు మూసుకుని చదివారంటే నేను నమ్మను. వేటపాలెం సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారంటే, ఆ రోజు అక్కడ ఎంత సందడి ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇంతకీ నిశ్శబ్దం అక్కర్లేదని కాదు. పిల్లల గదికీ హాలుకీ మధ్య గోడ, తలుపు ఉన్నాయి కాబట్టి రెండూ కుదురుతున్నాయి. ఒకే గది ఉన్న రోజుల్లో పిల్లల కథాకాలం పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరికి క్షమాపణ చెప్పేదాన్ని. ఇప్పుడు వేసవి శిబిరానికి వచ్చిన పిల్లలు పులి కథకి గాండ్రిస్తే గాండ్రించనీ అని తలుపు వేసేస్తాను.

అపోహ: ఆడవాళ్లకి చదివే అలవాటు తక్కువ, అందుకే రారు.

వాస్తవం: బాత్రూము లేదు, అందుకే రాలేదు. పాత భవనంలో ఉన్న ఒక్క మరుగుదొడ్డికి తాళం ఉండేది, లోపల నీళ్లుండేవి కావు. గంట కూర్చుంటే లేచి ఇంటికి పోవాల్సిందే. ఇప్పుడు గడియ పడే తలుపు, బకెట్టు, నీళ్లు ఉన్నాయి. హాల్లో ఒక పక్క బల్లలన్నీ అమ్మాయిలవే. సాయంత్రం ఏడింటికి మూసేటప్పుడు మాత్రం వీధి లైటు వెలగకపోతే వాళ్లు ఆరుకే సర్దుకుంటారు. లైటు ఆరిపోయిన రోజు మునిసిపాలిటీకి ఫోన్ చేసేది నేనే.

అపోహ: ఇదంతా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది.

వాస్తవం: మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్ అని ఒక లైను ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకి వెళ్లాలి. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు మాకు 80 రూపాయలు ఇస్తున్నట్టు. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. వసూలు టైముకే జరుగుతుంది. జమ మాత్రం నెమ్మదిగా వస్తుంది, ఆ బకాయిల కథ ఎక్కడ అడిగినా చెబుతారు. పేపరు బిల్లు ఆగిన నెలలో ఏజెంటు ముఖం చూడాల్సింది మాత్రం నేను.

అందుకే ఎవరైనా మొహమాటంగా “ఊరికే కూర్చోవచ్చా అమ్మా?” అని గుమ్మంలో నిలబడితే నాకు నవ్వొస్తుంది. కూర్చోవడానికి సభ్యత్వం కూడా అక్కర్లేదు. ఇంటికి పుస్తకం తీసుకెళ్లాలంటేనే డిపాజిట్. అది కూడా మానేసేటప్పుడు తిరిగి ఇచ్చేస్తాం.

అపోహ: కంప్యూటర్లు పెట్టారు, ఇక డిజిటల్ లైబ్రరీ అయిపోయింది.

వాస్తవం: మా కంప్యూటర్ల మీద ఎక్కువగా జరిగేది ఉద్యోగాల దరఖాస్తులు, హాల్ టికెట్లు. అది కూడా సేవే, కాదనను. నాకు తృప్తినిచ్చింది ఇంకోటి. చూపు లేని ఒక డిగ్రీ విద్యార్థికి ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం గురించి చెప్పి పేరు నమోదు చేయించాను. చూపు లేక అచ్చు పుస్తకం చదవలేనివాళ్లకి అనువుగా పుస్తకాలు తయారు చేసుకునే వీలిచ్చే మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. ఆ సంగతి నాకు కూడా ఆ అబ్బాయి కోసం వెతికినప్పుడే తెలిసింది.

అపోహ: భవనం పెద్దదైంది కాబట్టి పని సులువైంది.

వాస్తవం: గదులు మూడయ్యాయి. మనిషిని నేనొక్కదాన్నే. ఊడ్చేందుకు పొద్దున ఒకామె వస్తుంది, అంతే. పిల్లల గదిలో కథ చెబుతుంటే హాల్లో పుస్తకం ఇవ్వడానికి ఎవరూ ఉండరు. హాల్లో ఉంటే పిల్లలు బొమ్మల పుస్తకాల మీద ఎక్కి కూర్చుంటారు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, మళ్లీ నాలుగు నుంచి ఏడు. మధ్యాహ్నం తాళం వేస్తుంటే చదువుకునే పిల్లలు నన్ను చూసే చూపు నాకు ఇంటిదాకా వస్తుంది. పన్నెండింటి ఎండలో వాళ్లు వరండా గచ్చు మీద కూర్చుని డబ్బా విప్పుకుని తింటారు, నాలుగు దాకా అక్కడే.

మొన్న గ్రంథాలయ వారోత్సవాల్లో వేదిక మీద ఒక పెద్దమనిషి పైన ఇంకో అంతస్తు వేయిద్దామన్నారు, చప్పట్లు మోగాయి. దిగాక ఆయన దగ్గరికి వెళ్లి చెప్పాను: “అంతస్తు తర్వాత చూద్దాం సార్. వరండా మాస్టార్లు ఆ మెట్లు ఎక్కలేరు. ముందు నాకు ఇంకో మనిషిని ఇప్పించండి, మధ్యాహ్నం కూడా తలుపు తీసి ఉంచుతాను.” అర్జీ రాసి ఇమ్మన్నారు. ఇచ్చాను. శుక్రవారం మాకు సెలవు, ఈ శుక్రవారం ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు. ప్లగ్గులైనా వస్తాయేమో చూడాలి.